గార్డు తీసిన గ్రైండరు

దక్షిణ అండమానులో చాతం దీవికి ఎదురుగా, రేవు ఆవలి యొడ్డున బాంబూఫ్లాట్ అను చిన్న పట్టణము గలదు. ఇచటివారు పోర్టు బ్లెయిరు నగరమునకు (2024 నుండి దీని పేరు శ్రీ విజయపురము) పోవలెనన్న ఫెర్రీ నెక్కి చాతం చేరుదురు. రోడ్డున పోవలెనన్న ఫెర్రార్‌గంజ్ మీదుగా చుట్టి పోవలెను. 2011 జనగణన ప్రకారము ఈ దీవులలో నూటికి సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి వలస వచ్చిన మత్స్యకార కుటుంబములవారు వీరిలో అనేకులు. డింగీల మరమ్మతు, ఇనుప గేట్ల తయారీ, కొయ్యపని, ఇండ్ల కట్టడము మొదలగు పనులన్నింటిలోను నేడు ఒక యంత్రము ప్రవేశించినది. అదియే విద్యుత్తుతో తిరుగు చేతి గ్రైండరు.

చాతంలో 1883లో రంపపు మిల్లు స్థాపింపబడినప్పుడు దుంగలు రంపము వద్దకు పోయెడివి. రంపము ఒకచోట పాతుకొని యుండెడిది. దానికి ఒక హద్దు గలదు, ఆ హద్దు లోపలికి చేయి పోరాదని పనివారందరు ఎరుగుదురు. 1895లో జర్మనీలోని ఫైన్ సంస్థ విద్యుత్తుతో నడచు చేతి డ్రిల్లును నిర్మించినది. 1954లో ఆ దేశముననే నేటి కోణపు గ్రైండరు వెలువడినది. దానితో యంత్రమే మనిషి వెంట నడచుట మొదలయ్యెను. పరంజా మీదికి, పడవ అడుగునకు, చెట్టు క్రిందికి అది పోవును. పని సులువయ్యెను. కాని నేల మీద గీచిన హద్దు చెరగిపోయెను. ఇప్పుడా హద్దుగా మిగిలినది చక్రమును సగము చుట్టియుండు ఇనుప కవచము ఒక్కటియే. దానినే పనివారు గార్డు అందురు.

విచారకరమైన విషయమేమన, అనేక స్థలములలో యంత్రము కొన్న కొద్ది దినములకే ఆ గార్డును విప్పి మూల పారవేయుచున్నారు. మూలలలో చక్రము ఆనదనియు, పెద్ద చక్రము పట్టదనియు, కోత కంటికి కనబడదనియు కారణములు చెప్పుదురు. దీనిని పనివాని చిన్న అలవాటుగా భావించుట తగదు. బ్రేకు తీసిన లారీని రోడ్డుపై నడుపుటకు ఎవరును అంగీకరింపరు. గార్డు తీసిన గ్రైండరు కూడ అట్టిదే. అది పనికి సిద్ధముగా నున్న యంత్రము కాదు, చెడిపోయిన యంత్రము. దానిని వాడువానితో పాటు, వాడనిచ్చువాడును, అద్దెకిచ్చువాడును, దానితో పని చేయించుకొనువాడును ఆ తప్పులో భాగస్వాములే.

ఇంత గట్టిగా చెప్పుటకు కారణము లెక్కలోనే గలదు. సాధారణముగా వాడు 100 మిల్లీమీటర్ల గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 సార్లు తిరుగును. అనగా చక్రపు అంచు సెకనుకు సుమారు 57 మీటర్లు, గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగెత్తును. చక్రము పగిలినచో దాని ముక్కలు బయలుదేరునది ఆ వేగముతోనే. ఎంత చురుకైనవాడైనను అంతలో ముఖము త్రిప్పుకొనలేడు. అనుభవము కంటికి రెప్ప కాజాలదు. గార్డు ఉన్నచో ముక్కలలో పెక్కు దానికి తగిలి, మనిషి వైపునకు గాక అవతలి దిక్కునకు పోవును. అందుచేతనే గార్డు మూసియున్న భాగము ఎల్లప్పుడు పనివాని వైపునకే ఉండునట్లు త్రిప్పి బిగింపవలెను.

గార్డు తీయుటలోని మరియొక కీడు, దాని వెనుక వచ్చు పెద్ద చక్రము. 180 మిల్లీమీటర్ల చక్రమును ఈ చిన్న యంత్రమునకు తగిలించినచో దాని అంచు వేగము సెకనుకు 103 మీటర్లు దాటును. ఇట్టి చక్రములు సామాన్యముగా సెకనుకు 80 మీటర్ల వరకే తయారగును. చక్రమును చీల్చు బలము వేగముతో సమానముగా గాక, వేగపు వర్గముతో పెరుగును. కావున ఆ చక్రముపై పడు ఒత్తిడి అది తాళదగిన దానికన్న సుమారు మూడింట రెండు వంతులు అధికము. ఇంతకన్న ఘోరమైనది గ్రైండరుకు పండ్లున్న కొయ్యకోత బ్లేడును బిగించుట. ఎర్రచందనము, వేగిస చెట్ల జాతికి చెందిన అండమాన్ పడాక్ కొయ్య మిక్కిలి గట్టిది. దానిలో పన్ను చిక్కుకొనిన క్షణమున యంత్రము చేతిని విదిలించుకొని తొడ మీదికో, ముంజేతి మీదికో దూకును. రాపిడి చక్రము చర్మమును ఒరసికొనిపోవచ్చును. పండ్ల బ్లేడు నరములను, స్నాయువులను చీల్చును. కొయ్య కోయుటకు రంపపు యంత్రములు వేరుగా గలవు.

చక్రము మీద ముద్రించు హెచ్చరికలు ఆంగ్లమున ఉండుటచేత తమకు తెలియవని కొందరు పనివారు చెప్పుదురు. అది నిజమే. అయినను అంకెలు చదువుటకు ఆంగ్లము రానవసరము లేదు. యంత్రము పలక మీద నిమిషమునకు తిరుగు సంఖ్య ఉండును. చక్రము మీదను అట్టి సంఖ్యయే ఉండును. చక్రము మీది సంఖ్య యంత్రము మీది సంఖ్యకు సమానముగానో, అంతకన్న పెద్దదిగానో ఉండవలెను. చిన్నదైనచో ఆ చక్రము పనికిరాదు. చక్రము నడుమనున్న లోహపు ఉంగరము మీద గడువు సంవత్సరము కూడ తరచు చెక్కబడి యుండును. ఈ దీవులలో ఈ రెండవ అంకెను ప్రత్యేకముగ గమనింపవలెను. చక్రములోని రాపిడి రవ్వలను పట్టియుంచు జిగురు తేమను పీల్చి బలహీనపడును. సంవత్సరములో అనేక మాసములు వాన కురియుచు, సముద్రపు గాలి వీచుచుండు ఈ తావున, చక్రములను మూత గట్టిగానుండు డబ్బాలో, పొడిచోట, బల్లపరుపుగా పేర్చి దాచవలెను. తడిసినదానిని, పగులు కనబడినదానిని, క్రింద పడినదానిని వెలకు చూడక పారవేయవలెను.

యంత్రమును రెండు చేతులతో, ప్రక్కపిడి బిగించి పట్టవలెను. కోయు వస్తువును కాలితో త్రొక్కి పట్టక, బిగింపులో బిగింపవలెను. కోసినకొలది గాటు విచ్చుకొనునట్లు వస్తువును నిలుపవలెను. గాటు మూసికొనినచో చక్రము ఇరుకున పడి వెనుకకు తన్నును. చక్రము తిరుగు రేఖలో దేహము ఉండరాదు. క్రొత్త చక్రము బిగించిన పిమ్మట ఒక నిమిషము ఊరక త్రిప్పి చూచుట మంచిది. కోత కొరకైన పలుచని చక్రపు ప్రక్కభాగముతో అరగదీయరాదు. మెడలోని తువ్వాలు, వదులు చొక్కాచేతులు, లుంగీ అంచు చక్రమునకు అందరాదు. పెట్రోలు, డీజిలు టాంకుల చెంత నిప్పురవ్వలు రేగు పని చేయరాదు. డింగీలను బాగుచేయువారు ఇది మరువరాదు. పని నడుమ కరెంటు పోయినచో వెంటనే స్విచ్చి ఆపి ప్లగ్గు తీయవలెను. అట్లు చేయనిచో, కరెంటు తిరిగి వచ్చినప్పుడు బల్ల మీద పెట్టిన యంత్రము తనంత తానే తిరుగుచు క్రింద పడును. తడినేల మీద నిలిచి పని చేయరాదు. అతుకుల వైర్లు విడిచి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటును తెంచు రక్షక స్విచ్చి ద్వారా విద్యుత్తు తీసికొనవలెను.

ఇక కన్ను. కాలిన ఇనుప రవ్వ కంటి నల్లగ్రుడ్డుపై పొరలో నాటుకొనుట ఈ పనిలో తరచు జరుగు ప్రమాదము. అప్పుడు ప్రక్కవాడు అగ్గిపుల్ల కొనతోనో, మడచిన కాగితముతోనో, గుడ్డపీలికతోనో దానిని తీయబూనును. ఇది సాయము చేయవలెనను సద్బుద్ధితో చేయు అపకారము. రవ్వ చేసిన గాటుకన్న పుల్ల చేసిన గాటు పెద్దది కావచ్చును. దానిలో సూక్ష్మక్రిములు చేరినచో పుండుపడి చూపు పోవచ్చును. ఆముదము, చనుబాలు మొదలగునవి కంటిలో పోయుటయు ఇట్టిదే. కన్ను నలుపరాదు. పైపైన పడిన నలుసైనచో శుభ్రమైన నీటితో కడుగవచ్చును. రవ్వ లోనికి గ్రుచ్చుకొనినదని తోచినచో కడుగవద్దు, ఒత్తవద్దు. శుభ్రమైన చిన్న గిన్నెవంటి దానిని కన్నుకు తగులకుండ పైన బోర్లించి, కట్టు కట్టి, ఆసుపత్రికి పోవలెను. బాంబూఫ్లాట్‌లో సామాజిక ఆరోగ్య కేంద్రము గలదు. అంతకు మించిన చికిత్స కావలసినచో రేవు దాటి జి.బి. పంత్ ఆసుపత్రికి చేరవలసియుండును. ఫెర్రీ కొరకు వేచియుండు ప్రతి నిమిషమును కంటి కాలములో నుండి పోవునదే. నడుమ నీరున్న ఊరిలో కంటి అద్దములు ధరించుట మరింత అవసరము.

వెంటనే కనబడని హానులును గలవు. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ కొయ్యపొడిని మానవులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో చేర్చినది; అది ముఖ్యముగా ముక్కును, దాని ప్రక్క కుహరములను పట్టును. రాయి, పలకలు, సిమెంటు కోయునప్పుడు లేచు సిలికా పొడి ఊపిరితిత్తులలో మచ్చలు కట్టి, తిరిగిరాని జబ్బు తెచ్చును. ముఖమునకు చుట్టిన తువ్వాలు ఈ సన్నని పొడిని ఆపజాలదు. ముక్కు నోరు బిగువుగా కప్పు ఎన్-95 వంటి మాస్కు కావలెను. గ్రైండరు శబ్దము 100 డెసిబెళ్ల దరిదాపున ఉండును. అంతటి శబ్దమును దినమునకు 15 నిమిషములకు మించి వినరాదని అమెరికా జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ పేర్కొన్న పరిమితి. యంత్రపు కంపనము చేతుల నరములను చెరచును. 1918లో ఇండియానా రాష్ట్రపు రాతిపనివారిని పరీక్షించిన డాక్టరు ఆలిస్ హామిల్టన్ వారి వ్రేళ్లు తెల్లబడి మొద్దుబారుటను వర్ణించెను. వేడి ప్రదేశములలో తెల్లబడుట అంతగా కనబడకపోయినను, తిమ్మిరియు పట్టు సడలుటయు తప్పవు. నడుమ నడుమ పని ఆపి చేతులకు విశ్రాంతి నొసగవలెను.

ఈ ఉక్కలో కంటి అద్దములకు ఆవిరి పట్టునని పనివారు చెప్పుట అబద్ధము కాదు. ఆ కష్టమును ఒప్పుకొని మార్గము వెదకవలెను గాని, పనివానిని అజాగ్రత్తపరుడని నిందించి ఊరకుండరాదు. గాలిరంధ్రములున్న అద్దములు గలవు. వాటిపైన ముఖమంతయు కప్పు పారదర్శకపు తెర కూడ ధరింపవచ్చును. యజమాని వాటిని కొని ఇయ్యవలెను, తుడుచుకొనుటకు వ్యవధి నీయవలెను. "ఇరువది యేండ్లుగా ఏమియు కాలేదు" అను మాట మాత్రము అంగీకారయోగ్యము కాదు. ప్రమాదము తప్పిపోయినవారే ఆ మాట చెప్పగలరు. తప్పిపోనివారు ఆ పని మానుకొని ఇంట కూర్చుండుటచే వారి మాట మనకు వినబడదు.

చట్టము మాటేమని అడుగవచ్చును. రాపిడి చక్రము వాడు ప్రతి యంత్రము వద్ద, చక్రము నిరపాయముగ తిరుగదగిన గరిష్ఠ వేగమును తెలుపు ప్రకటన ఉంచవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 30వ సెక్షనులో శాసించెను. 35వ సెక్షను కంటి రక్షణకు సంబంధించినది. కాని విద్యుత్తు వాడుచోట ఆ చట్టము సాధారణముగా పదిమంది పనివారున్న తావులకే వర్తించెను. పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రతా సంహిత ఫ్యాక్టరీ అను మాటకు ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. ఇద్దరు ముగ్గురు పని చేయు షెడ్డు ఈ లెక్కలలో దేనికిని అందదు. చక్రము మాత్రము పనివారి తలలు లెక్కించి పగులదు.

కావున చట్టము చేయి చాలని చోట ఊరి మర్యాద పని చేయవలెను. అద్దెకిచ్చు దుకాణదారు గార్డు లేని యంత్రమును గడప దాటనీయకుండుట, మేస్త్రీ క్రొత్త కుర్రవానికి పని నేర్పు మొదటి దినమున చక్రము మీది అంకెలు అతని మాటలలోనే చెప్పుట, ఇల్లు కట్టించుకొను గృహస్థు అద్దములు లేని పనివానిని చూచి పని ఆపించుట, ఇవి ఖర్చుతో కూడినవి కావు. మూల పారవేసిన గార్డులు అనేక షెడ్లలో ఇంకను అక్కడనే తుప్పుపట్టి యున్నవి. వాటిని వెదకి తీసి, తుడిచి, తిరిగి బిగించుటకు పట్టునది అయిదు నిమిషములు. రేపు ప్రొద్దున పని మొదలుపెట్టుటకు ముందే ఆ అయిదు నిమిషములు వెచ్చింపవలెను.