మన కీళ్ళు - మన నీళ్ళు

ప్రొద్దున లేవగానే "నడుము పట్టేసిందమ్మా" అనే మాట వినిపించని ఇల్లు మన క్యాంపులలో అరుదు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు వచ్చిన తరువాత కోస్తా నుండి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాలలో స్థిరపడి, ఏండ్ల తరబడి వంగి నాట్లు వేసినవాళ్ళము. నొప్పి వస్తే వయస్సనో, వాతమనో సరిపెట్టుకొంటాము. ఒక్కొక్కప్పుడు దోషము బిందెలోని నీటిలో ఉంటుంది. అది ఎట్లాగో తెలియాలంటే ముందు కీలు సంగతి తెలుసుకోవాలి.

పెద్దవారి శరీరములో 206 ఎముకలున్నవి. రెండెముకలు కలిసే చోటు కీలు. ఇవి మూడు తరగతులు. పుర్రె ఎముకలు రంపపు పళ్ళవలె ఒకదానిలో ఒకటి దిగి బిగిసి ఉంటవి. అవి కదలని కీళ్ళు. పసిబిడ్డ మాడు మెత్తగా ఉండుటకు కారణము అక్కడి ఎముకలు ఇంకా కలియకపోవడమే. వెన్నుపూసల నడుమ మృదులాస్థి బిళ్ళలుండి కొద్దిగా కదలనిస్తవి. మూడవవి బాగా కదిలేవి.

ఈ మూడవ తరగతిలో మళ్ళీ రకాలున్నవి. భుజము, తుంటి బంతిగిన్నె కీళ్ళు. అన్ని వైపులా తిరుగుతవి. మోచేయి తలుపు బందువలె ఒకే వైపు మడిచే మడతబందు కీలు. మోకాలు ముఖ్యముగా ఆ రకమే. తలను ప్రక్కకు త్రిప్పేది మెడలో మొదటి రెండు పూసల నడుమనున్న బొంగరపు కీలు. మణికట్టులోనివి జారెడు కీళ్ళు. బొటనవ్రేలి మొదట ఉన్నది జీను కీలు. నారు మొక్కను పట్టి నాటగలుగుట దాని చలవే.

కదిలే కీలులో ఎముకల కొనలకు నున్నని మృదులాస్థి, చుట్టూ ఒక సంచి, సంచిలో బండి ఇరుసుకు కందెనవంటి జిగట ద్రవము, ఎముకను ఎముకకు కట్టే గట్టి బంధనములు ఉంటవి. మృదులాస్థికి రక్తనాళములు లేవు. ఆ ద్రవము నుండియే దానికి పోషణ. కీలు కదిలినప్పుడే అది చక్కగా అందుతుంది. అందుచేత పెద్దలను పూర్తిగా మంచాన కూర్చోబెట్టకండి.

ఇక నీటి మాట. రాతి పొరలలోని ఫ్లోరైడు బోరు నీటిలో కలుస్తుంది. ఏండ్ల తరబడి ఎక్కువగా త్రాగితే ఎముక చిక్కబడి, బంధనములలో సున్నము చేరి అవి ఎముకవలె గట్టిపడతవి. అప్పుడు కదలవలసిన వెన్ను పుర్రె కీలువలె బిగుస్తుంది. మనదేశములో ఈ జబ్బును 1937లో షార్టు, ఆయన తోడి వైద్యులు వెల్లడించినది మన నెల్లూరు జిల్లా నుండే. తరువాత నల్గొండ పేరు అందరికీ తెలిసినదే. రాయచూరు జిల్లాలోను పలు గ్రామాల నీటిలో ఫ్లోరైడు హద్దు మించి ఉన్నది. లీటరుకు 1 మిల్లీగ్రాము మంచిది. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతి.

ఇంట్లో మూడు పనులు చేసి చూడండి. మోకాళ్ళు వంచకుండా కాలివ్రేళ్ళు అందుకొనుట, గడ్డమును రొమ్ముకు ఆనించుట, చేతులు చాచి మడిచి తల వెనుకకు తాకించుట. చేతకాకపోతే ఈ జబ్బేనని భయపడవద్దు. కీళ్ళవాతములు వేరే ఉన్నవి. వైద్యునికి చూపి, ఏ నీరు త్రాగుతున్నదీ తప్పక చెప్పండి. పిల్లల పళ్ళమీద సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు కనిపిస్తే అది ముందు హెచ్చరిక కావచ్చును.

నీరు కాచితే క్రిములు చస్తవి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. ప్రభుత్వ పరీక్షాశాలలో మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. ఎక్కువని తేలితే త్రాగుటకు, వంటకు వేరే మంచినీరు చూసుకోండి. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి పిల్లలకు తప్పక పెట్టండి.

అవ్వ బిగిసిన వెన్నును మనము తిరిగి సడలించలేకపోవచ్చును. మనుమరాలి వెన్ను మాత్రము ఈనాటి బిందెమీద ఆధారపడి ఉన్నది.