రాత్రి మనకిచ్చారట!

ప్రభుత్వం మన మాటలతో మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు మనం కాస్త శ్రద్ధగా వినాలి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల చట్టానికీ, దుకాణాలు, సంస్థల చట్టానికీ సవరణలు ఆమోదించింది. రోజుకు 9 గంటలున్న పని పరిమితిని 10 గంటలు చేశారు. విశ్రాంతి ఇవ్వకుండా ఏకబిగిన చేయించుకోగల పని 5 గంటల నుంచి 6 గంటలకు పెరిగింది. మూడు నెలల్లో చేయించుకోగల ఓవర్‌టైం 75 గంటల నుంచి 144 గంటలైంది. వీటి పక్కనే, అదే మూటలో, స్త్రీలు రాత్రి షిఫ్టుల్లో పనిచేయవచ్చన్న సవరణ. సెప్టెంబరులో శాసనసభ కూడా సరేనంది. ఈలోగా జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి వెసులుబాటునిస్తూ ఉత్తర్వు తెచ్చింది.

మొదటి మూడు మార్పులూ పెట్టుబడులు రావడం కోసమన్నారు. నాలుగోది మాత్రం మహిళా సాధికారత కోసమట! ఒకే మూటలో వచ్చిన నాలుగింటిలో మూడు యజమానికోసం వచ్చి, ఒక్కటి మాత్రం మనకోసం ఎలా వచ్చింది? ఈ ప్రశ్న అడగకుండా చప్పట్లు కొట్టడం మనకు తగదు.

స్త్రీలు రాత్రిపూట పనిచేయాలా వద్దా అన్నది ఇక్కడ చర్చే కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే స్త్రీలను ఫ్యాక్టరీలో పనిచేయనిచ్చింది. ఆ నిషేధానికి రక్షణ అని పేరు. కానీ ఆసుపత్రిలో నర్సు రాత్రి డ్యూటీని ఎవరూ ఆపలేదు. కోడి కూయకముందే వీధుల్లోకి చీపురు పట్టుకొచ్చే మునిసిపల్ కార్మికురాలి నిద్ర గురించి ఎవరూ బెంగపడలేదు. ఇంకా వింత ఏమిటంటే, అదే 66వ సెక్షన్‌లో ఒక మినహాయింపుండేది. చేపలను ఎండబెట్టే, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో సరుకు చెడిపోకుండా ఉండటానికి అవసరమైతే, స్త్రీలను వేళ దాటి కూడా పనిలో ఉంచేలా రాష్ట్రం నియమాలు చేసుకోగలిగేది. అంటే స్త్రీకి ప్రమాదకరమైన రాత్రి, చేప కుళ్లిపోతుందంటే మాత్రం ప్రమాదకరం కాదు. మన కోస్తా జిల్లాల్లో రొయ్యలు ఒలిచే స్త్రీలకు ఈ మినహాయింపు అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఆ నిషేధం పోవడం న్యాయమే. 2000లో మద్రాసు హైకోర్టు, 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశాయి. అయితే మద్రాసు హైకోర్టు గేటు తెరిచి ఊరుకోలేదు. రవాణా, విశ్రాంతి గది, షిఫ్టు మారినప్పుడు మధ్యలో 12 గంటల విరామం వంటి బాధ్యతలను యజమాని మీద పెట్టింది. ఇప్పటి సవరణల్లోనూ రవాణా, భద్రత అన్న మాటలున్నాయి, నిజమే. కానీ ఆ మాటల పక్కనే పని గంటలు పెరిగాయి, విశ్రాంతి దూరమైంది. స్త్రీలకు హక్కుగా రావలసిన రాత్రి, యజమానికి అదనపు షిఫ్టుగా వచ్చింది.

ఈ సవరణలు జరిగిన కొద్ది నెలలకే, 2025 నవంబరు 21న, కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోని 43వ సెక్షన్ కూడా ఇదే పాట పాడుతుంది. స్త్రీలను వారి 'అంగీకారం'తో ఉదయం 6కు ముందూ, రాత్రి 7 తర్వాతా పనిలో పెట్టుకోవచ్చు. నేను చదువుకున్నది సాహిత్యం. చట్టం చదివినా ముందు నా చూపు మాట మీదే నిలుస్తుంది. ఎవరి అంగీకారం? ఎవరి ఎదుట? కాదన్న స్త్రీ ఏమవుతుంది? ఆ సెక్షన్‌లో మొదటి ప్రశ్నకు తప్ప జవాబు లేదు.

అంగీకారం మనకు కొత్త మాట కాదు. పెళ్లిచూపుల్లో కట్నం, ముహూర్తం అన్నీ అయ్యాక, పెద్దలందరి ముందూ 'అమ్మాయికి ఇష్టమేనా?' అని అడుగుతారు చూడండి, ఆ అంగీకారం మనకు తెలుసు. తల వంచుకోవడాన్ని ఇష్టంగా రాసుకునే సంప్రదాయం మనది. ఇప్పుడు అదే తతంగం ఫ్యాక్టరీ గేటు దగ్గర జరుగుతుంది. కాంట్రాక్టరు చూపించిన చోటల్లా సంతకం పెట్టి పనిలో చేరే అమ్మాయి, ఆ కాగితాల్లో అంగీకార పత్రం ఏదో విడిగా చూస్తుందా? ఉత్తరప్రదేశ్ 2022లో ఇచ్చిన ఉత్తర్వులో, రాత్రి పనికి నిరాకరించిన స్త్రీని తొలగించకూడదన్న వాక్యం ఉంది. ఉండాల్సిందే. కానీ కాంట్రాక్టు కార్మికురాలిని ఎవరూ తొలగించనక్కర్లేదు. మర్నాడు పిలవకపోతే చాలు. కాదనగల స్తోమత లేని చోట అవుననడానికి విలువ లేదు.

రాజ్యానికి రాత్రి గురించి ఒక నిలకడైన అభిప్రాయం ఉందా అంటే అదీ లేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాక, అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి డ్యూటీలు వేయవద్దన్నారు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో వైద్యురాలి హత్య తర్వాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, వీలైనంతవరకూ స్త్రీలకు రాత్రి డ్యూటీ తప్పించాలంది. భద్రత కల్పించడం మీ బాధ్యత, స్త్రీలను పని మానమనడం కాదని సుప్రీంకోర్టు మందలించాల్సి వచ్చింది. హత్య జరిగితే ఇంట్లో ఉండమంటారు. పెట్టుబడి వస్తే రాత్రికి కూడా రమ్మంటారు. రెండు సందర్భాల్లోనూ ఆమెను అడిగిందెవరు?

ఇక గంటల లెక్క. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు సగటున రోజుకు 289 నిమిషాలు జీతం లేని ఇంటి చాకిరీకి ఖర్చుపెడుతున్నారు. పురుషులు 88 నిమిషాలు. ఫ్యాక్టరీలో 10 గంటలు, ఇంట్లో దాదాపు 5 గంటలు, దారిలో ఎంతో కొంత. ఆమె ఎప్పుడు పడుకుంటుంది? రాత్రి షిఫ్టు చేసిన మగవాడు ఇంటికొస్తే పిల్లలను 'ష్, నాన్న పడుకున్నాడు' అని అదిలిస్తాం. రాత్రి షిఫ్టు చేసిన అమ్మ ఇంటికొస్తే పొయ్యి వెలిగిస్తుంది.

ఈ చట్టం తెచ్చిన ప్రభుత్వమే 2024 నవంబరులో, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న పాత నిబంధనను తీసేసింది. ఆ నిబంధన అన్యాయమైనది, పోవాల్సిందే. కానీ అది పోయింది స్త్రీ నిర్ణయం మీద గౌరవంతో కాదు. జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి అన్న పిలుపుతో. పది గంటల పని, రాత్రి షిఫ్టు, మరో బిడ్డ. ఈ మూడింటినీ ఒకే దేహం మీద వేసి దానికి సాధికారత అని పేరు పెడితే, ఆ మాటను మనం వాళ్ల దగ్గరనుంచి వెనక్కి లాక్కోవాలి.

ఇన్ని షరతులు పెడితే యజమానులు స్త్రీలను పనిలోకే తీసుకోరు అని ఒక వాదన ఉంది. అందులో కొంత నిజముంది. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచి, ఆ వేతన భారం యజమాని మీదే ఉంచినప్పుడూ ఈ భయం వినబడింది. అయితే దీనికి పరిష్కారం షరతులు తీసేయడం కాదు, ఖర్చును సమాజం పంచుకోవడం. పరిశ్రమకు భూమి, కరెంటు, నీళ్లు రాయితీ మీద ఇచ్చే రాజ్యం ఆ ఒప్పందంలోనే బస్సు, శిశుసంరక్షణ కేంద్రం గురించి ఎందుకు రాయించుకోదు? 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని 2017 నుంచీ చట్టంలో ఉంది. మీ ఊరి దగ్గరి ఫ్యాక్టరీలో అలాంటిది చూశారా, అందులో రాత్రి పదింటికి దీపం వెలుగుతుందా?

గేటు దాటి రోడ్డు మీదకు వస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. దాని గురించి మనం దాదాపు మాట్లాడుకోలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా పారిశ్రామికవాడల్లో స్థానిక ప్రభుత్వమంటే పంచాయతీ కాదు, మునిసిపాలిటీ కాదు, 'ఐలా'. ఈ పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థకు పంచాయతీ, మునిసిపల్ అధికారాలను బదలాయించి, పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ కింద నడిపిస్తారు. ఆస్తిపన్ను వసూలు, రోడ్లు, వీధి దీపాలు, డ్రైనేజీ అన్నీ దానివే. అక్కడ వార్డు సభ్యురాలు లేదు, సర్పంచ్ లేదు, గ్రామసభ లేదు. స్థానిక సంస్థల్లో 50 శాతం స్థానాలు సాధించుకున్నామని గర్వపడతాం కదా, ఆ 50 శాతం పారిశ్రామికవాడ సరిహద్దు రాయి దగ్గర ఆగిపోతుంది. రాత్రి రెండింటికి స్త్రీ నడిచే రోడ్డు మీద దీపం గురించి అడగడానికి ఆమె ఎన్నుకున్న మనిషి ఒక్కరూ లేరు. ఈ లోటు పూడ్చకుండా ఇచ్చిన రాత్రి పని హక్కు చీకట్లో ఇచ్చిన హక్కు.

పోనీ, ఏదైనా జరిగితే చెప్పుకునే చోటుందా? 2013 లైంగిక వేధింపుల నివారణ చట్టం ప్రకారం 10 మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ, ప్రతి జిల్లాకూ స్థానిక కమిటీ, ప్రతి మండలానికీ, పట్టణాల్లో వార్డుకో మునిసిపాలిటీకో ఒక నోడల్ అధికారీ ఉండాలి. చట్టం వచ్చిన పదేళ్ల తర్వాత కూడా, 2023లోనూ మళ్లీ 2024 డిసెంబరులోనూ, ఈ కమిటీలు వేయండని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మరోవైపు కోడ్‌లలో ఇన్‌స్పెక్టర్ పేరే మారిపోయింది. ఇప్పుడాయన 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. అంటే తనిఖీ చేసేవాడే సాయపడేవాడు కూడా. ఎవరికి సాయం? 2022 జూన్‌లోనూ ఆగస్టులోనూ అచ్యుతాపురం సెజ్‌లో విషవాయువు పీల్చి పెద్ద సంఖ్యలో మహిళా కార్మికులు ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లకు కావలసింది యజమానికి సాయపడే అధికారి కాదు, తలుపు తట్టి లోపలికి వెళ్లి చూసే అధికారి.

మన కవిత్వంలో రాత్రి ఒక ప్రతీక. అణచివేతకో, ఏకాంతానికో, స్వేచ్ఛకో. హాస్టల్ గేట్లు రాత్రి ఎనిమిదింటికే మూయొద్దని విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిలు పోరాడిందీ ఈ రాత్రి కోసమే. ఆ పోరాటంలోంచి పుట్టిన మాటలనే ఇవాళ ప్రభుత్వం అరువు తీసుకుని పని గంటల పెంపుకు అలంకారంగా వాడుతోంది. రాసేవాళ్లం, బోధించేవాళ్లం ఊరుకుంటే ఈ దొంగతనానికి సాక్షి సంతకం పెట్టినట్లే. జీవోలూ మనం చదవవలసిన పాఠ్యాలే. వాటిలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి నోరు మూతపడింది అని చూసే విద్య మన దగ్గరుంది.

మనం అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. నిరాకరించిన స్త్రీకి పని పోకూడదు, పిలుపూ ఆగకూడదు. రాత్రి షిఫ్టు పనిగంటలు పగటికన్నా తక్కువుండాలి. షిఫ్టుకు అనుమతి ఇచ్చేముందు బస్సు, దీపాలు, మరుగుదొడ్డి, శిశుసంరక్షణ కేంద్రం ఉన్నాయో లేదో చూడాలి. ఐలాల్లో ఎన్నికైన స్త్రీలూ, అక్కడ పనిచేసే స్త్రీలూ కూర్చోవాలి. కమిటీ సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ తెలుగులో గేటు మీద రాసి ఉండాలి. ఇవేవీ లేకుండా రాత్రి మీదేనంటే, గడియారం ఎవరి చేతిలో ఉందో చెప్పమని అడుగుదాం.