నేర్చుకొనే పక్షికి మారని సిఫారసు

కంకి వెలువడి గింజ పాలు పోసుకొనే రోజులలో కూచిపూడి, మొవ్వ, ఘంటసాల ప్రాంతాల వరిచేలలో మెరిసే రిబ్బన్లు, పాత చొక్కా తొడిగిన దిష్టిబొమ్మలు కనిపించడం కొత్త విషయం కాదు. తొలి రోజులలో జీనువాయిల గుంపు ఆ చేనిని తప్పించుకొని పోతుంది. కొన్నాళ్లకు అవే పక్షులు రిబ్బను కట్టిన కర్ర మీదనే వాలుతాయి. రిబ్బను పనిచేయలేదని రైతు అంటాడు. నిజానికి రిబ్బను పనిచేసింది; దాని వలన తనకు హాని లేదని పక్షి తరువాత నేర్చుకొన్నది. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాకు విస్తరణ కరపత్రాలలో దక్కవలసిన చోటు దక్కడం లేదు.

కుండలో రాళ్లు వేసి నీరు తాగిన కాకి కథ తెలియని విద్యార్థి ఉండడు. 2009లో ఇంగ్లండులో క్రిస్టఫర్ బర్డ్, నేథన్ ఎమెరీ కాకి కుటుంబానికి చెందిన రూక్ పక్షులతో ఆ కథను పరీక్షించారు. గొట్టంలోని నీటిపై తేలుతున్న పురుగును అందుకొనడానికి అవి రాళ్లు వేశాయి. చిన్న రాళ్లకన్న పెద్దవాటినే ఎంచుకొన్నాయి. అంతకుముందు 2002లో ఆక్స్‌ఫర్డులో బెట్టీ అనే న్యూ కాలెడోనియా కాకి తిన్నని తీగను కొక్కెంగా వంచి ఆహారాన్ని పైకి లాగింది. కృష్ణా డెల్టా ఊరకాకి గాని, చిలుక గాని పనిముట్టు చేయనక్కర లేదు. రైతుకు నష్టం కలిగించేది వాటి పనితనం కాదు, జ్ఞాపకం. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ మార్జ్లఫ్ బృందం ఒక ముసుగు ధరించి కాకులను పట్టి వదిలితే, ఆ ముసుగును అవి సంవత్సరాల తరబడి గుర్తుంచుకొని గోల చేశాయి. అపాయకరమైన ముఖాన్ని గుర్తుంచుకొనే బుద్ధికి అపాయం లేని గుడ్డబొమ్మను గుర్తించడం కష్టమా?

ఈ విషయంలో అందరికన్న బాగా పాఠం చెప్పగలది పసులపోలిగాడే. పశువుల వీపుల మీద, కరెంటు తీగల మీద కూర్చొని పురుగులను పట్టే ఈ నల్లపిట్టకు దగ్గరి బంధువు ఒకటి ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో ఉన్నది. అది దొంగ హెచ్చరిక కూత కూసి, ఇతర జంతువులు బెదిరి వదలిన ఆహారాన్ని తన్నుకుపోతుంది. ఒకే కూత మళ్లీ మళ్లీ కూస్తే అవి నమ్మడం మానేస్తాయి. అప్పుడది కూత మార్చి, మరొక జాతి హెచ్చరికను అనుకరిస్తుంది. టామ్ ఫ్లవర్ బృందం 2014లో ప్రచురించిన ఈ పరిశీలనను బెదరగొట్టే పద్ధతులకు సూత్రంగా తీసుకోవచ్చు. ఆ పిట్టకు తెలిసిన సంగతిని సీజను పొడవునా ఒకే రిబ్బను కట్టమనే సిఫారసు విస్మరిస్తున్నది.

మంచె మీది కాపలాదారుకు కూడా ఇది తెలుసు. వడిసెల రాయి ఏ క్షణాన, ఏ దిక్కుకు వచ్చేదీ పక్షికి అంతుపట్టదు. కూలి గిట్టక మంచెలు తగ్గాయి. వాటి స్థానంలో వచ్చిన రిబ్బను కాపలాదారు చేతికి బదులైనది గాని, అతని ఉపాయానికి బదులు కాలేదు. గుడివాడ వైపు చేపల చెరువులపై నీటికాకులను తోలడానికి వేళ తప్పకుండా పేల్చే బాణసంచా కథ కూడా ఇంతే.

అందువలన సిఫారసులో వస్తువు పేరుతో పాటు కాలం కూడా ఉండాలి. పాలు పోసుకొనే దశకు ముందే రిబ్బను కడితే, అసలు అవసరం వచ్చేసరికి పక్షి దానికి అలవాటు పడి ఉంటుంది. కొన్ని రోజులకొకసారి చోటు మార్చాలి, శబ్దంతో కలపాలి, గింజ గట్టిపడగానే తీసివేయాలి. కాలువ నీరు ఆలస్యంగా అందే దివిసీమ, మచిలీపట్నం శివారు భూములలో చుట్టుపక్కల కోతలు ముగిశాక ఒంటరిగా మిగిలిన చేనిపైనే గుంపులన్నీ పడతాయి. అక్కడ రిబ్బనుకన్న ఆయకట్టు రైతులు ఒకేసారి నాట్లు వేయడమే మేలు.

క్షేత్ర ప్రయోగాల తీరు కూడా మారవలసి ఉన్నది. రిబ్బను కట్టిన మడిని, కట్టని పక్క మడిని పోల్చి నష్టశాతం చూపితే, బెదిరిన పక్షులు ఆ పక్క మడిలోనే వాలి తేడాను పెంచి చూపుతాయి. పోల్చే మడి దూరంగా ఉండాలి. పక్షులు తిరిగి వాలిన మొదటి రోజు ఏదో ఫలితాల పట్టికలో ఒక వరుసగా చేరాలి. పరిశోధన అంశం కోసం వెదుకుతున్న విద్యార్థికి దీనికి కావలసింది గడియారం, పుస్తకం, తెల్లవారుజామున లేచే ఓపిక. పెద్ద పరికరాలేవీ అక్కరలేదు.

రిబ్బను మీద నమ్మకం పోయిన రైతు వలకో, విషపు గింజలకో చేయి చాస్తే నష్టం జీనువాయిలతో ఆగదు. కాకిని హానికర జంతువుల జాబితాలో ఉంచిన షెడ్యూలును 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ తొలగించింది కనుక, కాకి విషయంలో ఆ పాత సాకు కూడా ఇప్పుడు చెల్లదు. వరికోత తరువాత మాగాణి మినుములో లద్దెపురుగులను ఏరడానికి పక్షి స్థావరాలు పెట్టమని చెప్పేదీ విస్తరణ శాస్త్రవేత్తే. ఆ టి ఆకారపు కర్ర మీద వచ్చి కూర్చొనేది పసులపోలిగాడే.