పరిహారం హక్కే, అడిగేవారేరీ?

2022లో దేశంలో 67 వేలకు పైగా ‘హిట్ అండ్ రన్’ ప్రమాదాలు నమోదయ్యాయి. వాటిలో 30 వేల మందికి పైగా చనిపోయారు. గుద్ది పారిపోయిన వాహనం ఆచూకీ దొరక్కపోయినా మృతుడి కుటుంబానికి రెండు లక్షల రూపాయలు చెల్లించే పథకం ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే అమల్లో ఉంది. అయినా 2022-23లో దేశమంతటి నుంచీ ఆ పథకానికి వచ్చిన దరఖాస్తులు 205. సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ఇది. చట్టం లేక కాదు, సొమ్ము లేక కాదు. అడగవచ్చని ఆ ఇళ్లకు ఎవరూ చెప్పక.

ఆ ఇళ్లు ఎలాంటివో చూస్తే విషయం మరింత తేటపడుతుంది. 2023లో రోడ్డు ప్రమాదాల్లో 1.72 లక్షల మంది మరణించగా వారిలో 35 వేల మందికి పైగా పాదచారులు. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. తెల్లవారుజామున మార్కెట్‌కు బయల్దేరిన కూరగాయల వ్యాపారి, రాత్రి డ్యూటీ దిగి రోడ్డు దాటుతున్న వాచ్‌మన్, ఊరిని రెండుగా చీల్చిన జాతీయ రహదారికి అవతల ఉన్న చేనుకు వెళ్తున్న కూలీ... కారు ఉన్న ఇంట్లో బీమా కాగితాలు, తెలిసిన వకీలు ఉండే అవకాశం ఎక్కువ. కాలినడకన వెళ్లేవారి ఇళ్లలో తరచూ ఆ రెండూ ఉండవు.

అలాంటి కుటుంబాల్లో చాలామంది అనుకునేది ఒక్కటే: పోలీసు కేసు పెట్టారు కదా, ఏదైనా వస్తే అందులోనే వస్తుంది అని. అది నిజం కాదు. క్రిమినల్ కేసు వేరు, పరిహారం కేసు వేరు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన డ్రైవర్‌పై భారతీయ న్యాయసంహిత 106(1) కింద కేసు నడుస్తుంది, గరిష్ఠంగా అయిదేళ్ల జైలు. గుద్ది పారిపోతే పదేళ్ల దాకా శిక్ష వేసే 106(2)ను లారీ డ్రైవర్ల ఆందోళనతో 2024 జనవరిలో పక్కన పెట్టారు. శిక్ష పడినా దానివల్ల మృతుడి పిల్లల ఫీజు కట్టలేం. పోనీ డ్రైవర్ నిర్దోషిగా బయటపడ్డాడని పరిహారం కేసు వీగిపోదు. నేరాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి. పరిహారానికి మాత్రం సాక్ష్యాల మొగ్గు ఎటువైపు ఉందో తేలితే చాలునని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

ఈ రెండో దారి పేరు మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్. మన జిల్లా కోర్టుల్లో దీన్ని ‘ఎంవీఓపీ’ అంటారు. జిల్లా జడ్జే ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌గా కూర్చుంటారు. ప్రమాదం హైదరాబాద్‌లో జరిగినా, కుటుంబం ఉంటున్న మహబూబ్‌నగర్‌లోనో శ్రీకాకుళంలోనో పిటిషన్ వేసుకోవచ్చు. పని కోసం నగరానికి వచ్చి ప్రాణం పోగొట్టుకున్నవారి కుటుంబాలకు ఇది చాలా ముఖ్యమైన వెసులుబాటు. ఇక్కడ డబ్బు చెల్లించేది డ్రైవరో యజమానో కాదు, ఆ వాహనానికి థర్డ్ పార్టీ బీమా ఇచ్చిన కంపెనీ. ఆర్టీసీ బస్సు అయితే నేరుగా ఆర్టీసీయే. డ్రైవర్‌కు లైసెన్సు లేదన్న సాకుతో బీమా కంపెనీ చేతులు దులుపుకోవడం కుదరదు. ముందు కుటుంబానికి చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టులు ఆదేశిస్తున్నాయి.

పరిహారం ఎంత అన్నది జడ్జి దయాదాక్షిణ్యాలపై ఆధారపడిన విషయం కాదు. 2009 నాటి సరళా వర్మ, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పులు దానికొక లెక్క కట్టాయి. 32 ఏళ్ల తాపీమేస్త్రీ నెలకు 15 వేలు సంపాదించేవాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే ఆధారపడ్డారు. వయసు నలభై లోపు గనుక ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. నెలకు 21 వేలవుతుంది. తన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750 మిగులుతుంది, ఏడాదికి 1.89 లక్షలు. ఆ వయసుకు నిర్ణయించిన గుణకం 16. మొత్తం 30.24 లక్షలు. అంత్యక్రియల ఖర్చు, ఆస్తి నష్టం, భార్యాబిడ్డలు కోల్పోయిన తోడు కింద ఇచ్చేవి దీనికి అదనం. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ కూడా ఇవ్వవచ్చు. చనిపోయింది గృహిణి అయినా ఆమె ఇంటిపనికి విలువ కట్టాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

చిక్కంతా ఆ 15 వేలను రుజువు చేయడం దగ్గరే వస్తుంది. రోజుకూలీకి జీతం చీటీ ఉండదు. కాగితం లేదంటే ట్రైబ్యునల్ అంచనాగా తక్కువ అంకె వేసుకుంటుంది, ఆ తక్కువే గుణకంతో పదహారింతలై లక్షల్లో తేడా తెస్తుంది. బ్యాంకు పాసుబుక్కు, ఫోన్‌పే లావాదేవీలు, భవన నిర్మాణ కార్మికుడి గుర్తింపు కార్డు, పని ఇచ్చిన కాంట్రాక్టర్ సాక్ష్యం ఇక్కడ బంగారంతో సమానం. రెండో చిక్కు బీమా కంపెనీ వాదన: ‘ఆయనే అకస్మాత్తుగా అడ్డం వచ్చాడు’ అని. తప్పులో పాదచారికి పాతిక శాతమో సగమో వాటా అంటగడితే పరిహారం అంతమేరకు తగ్గుతుంది. జీబ్రా గీతలే వేయని రోడ్డు మీద గీతల మధ్య నడవలేదని మృతుణ్ని తప్పుపట్టడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? ఆ వాదనను తిప్పికొట్టగలిగేది సీసీ కెమెరా దృశ్యం. కొన్ని వారాలు దాటితే అది చెరిగిపోతుంది.

తప్పు ఎవరిదన్న వాదనే లేకుండా పరిహారం ఇచ్చే దారి కూడా ఉంది. 164వ సెక్షన్ కింద మరణానికి అయిదు లక్షలు. త్వరగా చేతికందుతుంది, నిజమే. కానీ ఆ సొమ్ముకు ఒప్పుకొంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. పైన చెప్పిన తాపీమేస్త్రీ కుటుంబం తొందరపడి సంతకం పెడితే ముప్పై లక్షల హక్కును అయిదు లక్షలకు వదులుకున్నట్టే. వృద్ధుల విషయంలోనో, ప్రమాదంలో తప్పు పాదచారిదేనని సాక్ష్యాలు బలంగా ఉన్నచోటో ఈ దారి మేలు కావచ్చు. ఏది మేలో నిర్ణయించుకోవాల్సింది లెక్క వేసుకున్నాకే.

గుద్దిన వాహనం దొరక్కపోతే మొదట్లో చెప్పిన రెండు లక్షల పథకం. దరఖాస్తు కోర్టులో కాదు, రెవెన్యూ అధికారుల దగ్గర ఇవ్వాలి. విచారణ నివేదికపై మంజూరు చేసేది జిల్లా కలెక్టర్ స్థాయి అధికారి. నెల రోజుల్లో వాహనం వివరాలు తేలకపోతే ఈ పథకం సంగతి పోలీసులే కుటుంబానికి తెలియజేయాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తెలంగాణలో రైతుబీమా ఉన్నా, బ్యాంకు ఖాతా నుంచి ఏటా ఇరవై రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నా వాటి సొమ్ము వాటిదే. ట్రైబ్యునల్‌కు వెళ్లినంత మాత్రాన అవి పోవు.

ఇన్ని దారులున్నా కుటుంబం ఎక్కడ ఆగిపోతోంది? మొదటిది, రాజీ దగ్గర. దినకర్మలు కాకముందే పెద్దమనుషులు కూర్చుంటారు. యజమాని తరఫువారు లక్షో రెండు లక్షలో ముందుపెట్టి తెల్ల కాగితం మీద సంతకం అడుగుతారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరం చట్టప్రకారం రాజీకి వీలైనది కాదు. ఆ కాగితంతో క్రిమినల్ కేసు ముగియదు. ముగిసేది సాక్షుల నోరు. వాళ్లు మాట మారిస్తే పరిహారం కేసూ బలహీనపడుతుంది. బీమా సక్రమంగా ఉన్న యజమానికి ఇంత ఆత్రం ఎందుకు? బీమా తీరిపోయిన బండికో లైసెన్సు లేని డ్రైవర్‌కో ఈ తొందర ఎక్కువ. బీమా లేని వాహనమైతే తగిన పూచీ లేకుండా విడిచిపెట్టవద్దని కోర్టును కోరే హక్కు కుటుంబానికి ఉందన్న సంగతి ఆ పంచాయితీలో ఎవరూ చెప్పరు.

రెండోది, గడువు. 1994లో పార్లమెంటు తీసేసిన ఆరు నెలల గడువును 2019 సవరణ తిరిగి తెచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇంటి పెద్దను పోగొట్టుకుని, అప్పుల్లో మునిగి, పోస్టుమార్టం నివేదిక కోసం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం తిరిగే మనిషికి ఆరు నెలలంటే ఎంత? ఈ నిబంధన చెల్లుబాటుపై విచారణ సాగుతుండగా, గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లను కొట్టేయవద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఊరటే కానీ, అది మధ్యంతరం. పార్లమెంటే పూనుకొని ఈ గడువును ఎత్తివేయాలి.

మూడోది, అసలైనది: మొదలుపెట్టాల్సిన భారం కుటుంబం మీద ఉందన్న అపోహ. నిజానికి చట్టం ఆ భారాన్ని పోలీసుల మీదే పెట్టింది. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో ప్రాథమిక నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర ప్రమాద నివేదిక ట్రైబ్యునల్‌కు పంపాలి. పది రోజుల్లోగా బాధిత కుటుంబానికి దాని హక్కులు వివరించే పత్రం అందించాలి. పోలీసులు పంపిన నివేదికనే పరిహార దరఖాస్తుగా ట్రైబ్యునల్ పరిగణించాలని 166(4) చెబుతోంది. సమగ్ర నివేదిక అందిన 30 రోజుల్లో బీమా కంపెనీ అధికారి తన నిర్ణయం చెప్పాలి. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఇవన్నీ అమలు చేసి తీరాలని, పోలీసు శాఖలో ఇందుకోసం ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఈ గొలుసు నిజంగా కదిలితే ఏజెంట్లకు పని ఉండదు. ఇప్పుడు మార్చురీ దగ్గరే కుటుంబాన్ని పట్టుకుని, వచ్చే పరిహారంలో ఇంత శాతమని బేరమాడేవాళ్లున్నారు. ఫలితంలో వాటా మీద ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, ఆదాయ పరిమితికి లోబడిన పేదలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ సంస్థ వలంటీరు ఒకరు ప్రభుత్వాసుపత్రి మార్చురీ దగ్గర కూర్చుంటే చాలు, సగం దోపిడీ ఆగుతుంది.

రోడ్డు తప్పు సంగతీ అడగాలి. ఫుట్‌పాత్‌పై నడిచే హక్కు జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు ప్రకటించింది. అయినా లోపభూయిష్టంగా రోడ్డు వేసిన కాంట్రాక్టర్‌కు, అధికారికి 198ఎ సెక్షన్ విధించే జరిమానా లక్ష రూపాయలకు మించదు. గుంతలు, మూతల్లేని మ్యాన్‌హోళ్ల వల్ల మరణించినవారి కుటుంబాలకు ఆరు లక్షలు చెల్లించాలని 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. వాహన బీమాకు సంబంధం లేని మరణాల్లో మన హైకోర్టులనూ రిట్ పిటిషన్‌తో ఆశ్రయించేందుకు ఆ ఉత్తర్వు దారి చూపుతోంది.

రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలు చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఏ జిల్లాలో ఎన్ని మరణాలకు 90 రోజుల నివేదిక గడువులోగా వెళ్లిందో నెలనెలా బయటపెట్టాలి. హక్కుల పత్రం తెలుగులో, చదివి వినిపించి, రసీదు తీసుకొని ఇవ్వాలి. హిట్ అండ్ రన్ దరఖాస్తును దర్యాప్తు అధికారే నింపి రెవెన్యూ అధికారికి పంపాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు.

అది జరిగే దాకా ఆ పని చుట్టుపక్కలవారిది. అలాంటి ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పిరండి: ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి; సీసీ కెమెరా దృశ్యం భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగండి; తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి; ఆరు నెలలు కాకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ గడప తొక్కండి, లేదా 15100కు ఫోన్ చేయండి.