మొదటి తప్పేమి?

కంప్యూటరు తరగతియందు మేము తఱచుగా చూచు దృశ్య మొకటి కలదు. బాలుఁ డొకఁడు సీ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసి కంపైలరున కప్పగించును. మఱుక్షణమున తెరనిండ తప్పుల పట్టిక నిలుచును. బాలుఁడు దానిని చదువఁడు. మొగము చిన్నబుచ్చుకొని, “మాస్టరుగారూ, ఇది నాకు రాదండీ” యనును. లేదా ప్రక్కవాని ప్రోగ్రామును చూచి వ్రాసికొనును. ఈ రెండును విద్యకు చేటే.

నిజమునకు కంపైలరు ఎవరిని నిందింపదు. జి.సి.సి. యను కంపైలరు ప్రతి తప్పునకును ఫైలు పేరు, పంక్తి సంఖ్య, పంక్తిలోని స్థానము, పిదప తప్పు స్వరూపము వరుసగా చెప్పును. వ్యాసపుస్తకమున ఉపాధ్యాయుఁడు ఎఱ్ఱసిరాతో పెట్టు గుర్తు వంటిదే యిది. అయినను, సంఖ్యను జ్ఞాపక ముంచుకొని, ఎడిటరులోనికి పోయి, ఆ పంక్తిని వెదకి, మరల పట్టికకడకు వచ్చుటలో బాలునకు విసుగు పుట్టును.

ఈ శ్రమ అనవసరము. బ్రామ్ మూలెనార్ 1991లో వెలువరించిన విమ్ అను ఎడిటరునందు ‘క్విక్‌ఫిక్స్’ అను ఏర్పాటు కలదు. అమిగా కంప్యూటరుపై నడచిన మాంక్స్ వారి ఆజ్‌టెక్ సీ కంపైలరులోని సదుపాయమే దీనికి ప్రేరణము. ‘మేక్‌ప్రగ్’ అను అమరికలో నడుపవలసిన ప్రోగ్రామును, ‘ఎర్రర్‌ఫార్మాట్’ అను అమరికలో సందేశపు రూపమును తెలుపవలెను. శాతపు గుర్తు ప్రక్కన ఎఫ్ ఫైలును, ఎల్ పంక్తిని, సి స్థానమును, ఎమ్ సందేశమును సూచించును. జి.సి.సి. రూపము విమ్‌నకు ముందే తెలియును. ‘మేక్’ అని ఆజ్ఞ యిచ్చినచో కర్సరు మొదటి తప్పుకడకు తానే పోవును. ‘సీనెక్స్ట్’ అన్నచో తరువాతిదానికి, ‘సీప్రీవ్’ అన్నచో వెనుకటిదానికి పోవును. ఈమాక్స్ ఎడిటరునందును ఇట్టి యాజ్ఞలు కలవు.

ఇట్లు దారి చూపినచో పిల్లలు సోమరులగుదురని కొందఱు పెద్దలందురు. మేము దీని నంగీకరింపము. పంక్తులు వెదకుట విద్య కాదు. తప్పునకు కారణము వెదకుట విద్య. ఆ పని ఎడిటరు చేయదు. ముగింపు బ్రాకెట్టును 12వ పంక్తిలో మఱచినచో, కంపైలరు దానిని ఫైలు చివరగాని గుర్తింపకపోవచ్చును. కర్సరు చేరునది తప్పు బయటపడిన చోటు. తప్పు జరిగిన చోటు పైనెక్కడనో యుండును. దానిని కనుగొనుటకు బుద్ధియే సాధనము. మఱియు ఒక్క లోపమే పలు ఫిర్యాదులకు మూలము కావచ్చును. కావున మొదటిదానిని దిద్ది మరల కంపైలు చేయవలెను. అంతటితో పట్టికలో సగము మాయమగుట మేము పలుమాఱు చూచితిమి.

తోడి ఉపాధ్యాయులారా, బాలుని కీబోర్డు లాగికొని మీరే దిద్దకుఁడు; మొదటి దినముననే ఈ యమరికలు చేయించుఁడు. తల్లిదండ్రులారా, “ఎన్ని తప్పులు వచ్చినవి?” అని అడుగకుఁడు, “మొదటి తప్పేమి?” అని అడుగుఁడు. విద్యార్థులారా, పట్టికను చూచి తెర మూయకుఁడు. తప్పు చేయుట సిగ్గు కాదు. చూపిన తప్పును చదువకుండుటయే సిగ్గు.