తెల్లారేదాకా ఆగకండి

జగిత్యాల జిల్లా మెట్‌పల్లి మండలం పెద్దాపూర్ గురుకులంలో 2024 జులై చివర, ఆగస్టు మొదట్లో పక్షం రోజుల తేడాతో ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. మొదట తిండి మీద అనుమానం వచ్చింది, తర్వాత పాము మీదికి మళ్లింది. ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క స్వయంగా వచ్చి బడి చూసి వెళ్లారు. ఆ ఏడాది డిసెంబరులో అదే ప్రాంగణంలో మళ్లీ పిల్లల్ని పాము కాటేసింది. వాళ్లు బతికారు. ఈలోగా అక్టోబరు చివర కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో పదుల సంఖ్యలో బాలికలు కలుషితాహారంతో మంచం పట్టారు. వారిలో ఒక అమ్మాయి హైదరాబాద్ నిమ్స్‌లో వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉండి, నవంబరు 25న కన్నుమూసింది.

మళ్లీ వానలు పడుతున్నాయి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల హాస్టళ్లలో పిల్లలు మళ్లీ నేల మీద చాపలు పరుచుకుంటున్నారు. అందుకే ఈ హెచ్చరిక వార్డెన్లకు, ప్రిన్సిపాళ్లకు, పీటీ సార్లకు, రాత్రి డ్యూటీ టీచర్లకు. రాత్రిపూట ఏ బిడ్డయినా లేచి "సారూ, కడుపు నొస్తున్నది" అంటే పొద్దున చూద్దామని పడుకోబెట్టకండి.

ఎందుకో వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇది చాలామంది చదువుకున్నవాళ్లకు కూడా తెలియని సంగతి. మన దగ్గర రాత్రిపూట తిరిగి, నేల మీద పడుకున్నవాళ్లను కాటేసేది ఎక్కువగా కట్లపాము. నాగుపాములా పడగ విప్పదు. కోరలు చాలా చిన్నవి కాబట్టి గాటు కనబడకపోవచ్చు. వాపు ఉండదు, మంట ఉండదు. నిద్రలో ఉన్న పిల్లవాడికి చీమ కుట్టినట్టు కూడా అనిపించకపోవచ్చు. కాసేపటికో, కొన్ని గంటలకో కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతి మొదలవుతాయి. ఆ తర్వాత గొంతు పట్టేసినట్టుంటుంది, మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది. కనురెప్పలు వాలిపోతాయి. రాత్రి రెండు గంటలకు రెప్పలు వాలుతున్న పిల్లవాడిని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? నిద్రొస్తోందనే కదా. దుప్పటి కప్పి పడుకోబెడతారు. ఊపిరి తీసే కండరాలు ఆ దుప్పటి కిందే ఆగిపోతాయి.

పక్కన రాత్రి భోజనంలో తిన్న గుడ్డో కూరో ఉండనే ఉంటుంది. నెపం దాని మీదికి పోతుంది. ఓఆర్ఎస్ కలిపి తాగిస్తారు, ఒక గోలీ ఇస్తారు. ఈ పొరపాటు వార్డెన్లే కాదు, పేరున్న డాక్టర్లు కూడా చేస్తుంటారు. కట్లపాము విషం రక్తం గడ్డకట్టడం మీద పెద్దగా పనిచేయదు. కాబట్టి పాముకాటుకు చేసే ఇరవై నిమిషాల రక్త పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. వానాకాలంలో నేల మీద పడుకుని, తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన బిడ్డ విషయంలో పాము కాదని తేలేదాకా పాము అనే అనుకోవాలి.

విషం నరాల చివర్లను, నరం కండరానికి కబురందించే చోటును, దెబ్బతీస్తుంది. విరుగుడు మందు రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్నే పట్టుకోగలదు, అప్పటికే దెబ్బతిన్న నరాన్ని బాగుచేయలేదు. ఆలస్యమైతే ఎన్ని సీసాలెక్కించినా ఊపిరి వెంటనే తిరిగి రాదు. నరం మళ్లీ చిగురించేదాకా వెంటిలేటరే ఊపిరి పోయాలి. అలా పోస్తే మాత్రం బిడ్డ పూర్తిగా కోలుకుని లేచి పరుగెత్తగలడు. అందుకే తీసుకెళ్లేది విరుగుడు మందూ వెంటిలేటరూ రెండూ ఉన్న దవాఖానకు. ఇంకొకటి, పాము పెద్దవాడికి ఒక మోతాదు, పిల్లవాడికి ఒక మోతాదు అని కొలిచి విషం వదలదు. చిన్న ఒంట్లో అదే విషం మరింత తీవ్రంగా పనిచేస్తుంది. మందు కూడా పెద్దలకిచ్చినంతే ఇవ్వాలి.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఆ మరణాల్లో సగం జూన్, సెప్టెంబరు మధ్యే జరిగాయి. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిసున్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మంచిదే. ఆ ప్రణాళిక మన హాస్టల్ గది గడప దాటి లోపలికి వచ్చిందా అన్నది ప్రశ్న.

ఇక అసలు జబ్బు సంగతి. హాస్టళ్లలో పెద్దలకు ఒక అలవాటుంది. పిల్లవాడు నొప్పి అంటే ముందు అనుమానిస్తారు. ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు, స్టడీ అవర్ ఎగ్గొట్టాలని చూస్తున్నాడు, నాటకాలు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది నిజమే కావొచ్చు. ఐదో తరగతిలో ఇల్లు వదిలి వచ్చిన బిడ్డకు బెంగ ఉండదా మరి! కానీ పదోసారి ఏదో చీకట్లో నిలబడి తేల్చడం ఎవరి తరమూ కాదు. పిల్లవాడు అబద్ధమాడితే పోయేది ఒక రాత్రి నిద్ర, ఆటో కిరాయి. నిజం చెప్పినప్పుడు నమ్మకపోతే పోయేది ప్రాణం. పైగా రెండుసార్లు తిట్లు తిన్న పిల్లవాడు మూడోసారి సార్‌ను లేపడు. పక్క చాప మీది స్నేహితుడికి చెప్పి ఊరుకుంటాడు. ఆ స్నేహితుడికి మీరు ఏం నేర్పారు?

ఆటలాడే పిల్లల విషయంలో నొప్పిని ఇలా కొట్టిపారేయడం ఇంకా ఎక్కువ. మన గురుకులాలు క్రీడల్లో సాధించింది తక్కువేం కాదు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. గురుకులాల్లో చదివిన అగసర నందిని 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టథ్లాన్ కాంస్యం తెచ్చింది. చొప్పదండి మండలం రుక్మాపూర్ సైనిక గురుకులంలో, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల్లో పొద్దు పొడవకముందే పిల్లలు మైదానంలో ఉంటారు. పగలంతా పరుగెత్తిన పిల్లవాడు రాత్రి "ఒళ్లంతా నొస్తున్నది" అంటే ఎవరికీ అనుమానం రాదు, ఆట నొప్పులనుకుంటారు. కట్లపాము కాటులో కీళ్ల నొప్పులు, ఒళ్లు నొప్పులు కూడా ఉంటాయన్నది అక్కడ గుర్తుకు రాదు.

ఆదిలాబాద్ ఏజెన్సీలో దీనికి తోడు సికిల్ సెల్. గోండు, కొలాం, పరధాన్ గూడేల నుంచి వచ్చిన పిల్లల్లో కొందరి రక్తంలో ఈ జబ్బు పుట్టుకతోనే ఉంటుంది. నీళ్లు తగ్గినా, చలి కొట్టినా, శక్తికి మించి పరుగెత్తించినా రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాలకు అడ్డుపడతాయి. ఎముకలు విరిగినంత నొప్పి వస్తుంది. సిర్పూర్(యు), తిర్యాణి వైపు చలికాలం తెల్లవారుజామున పరుగు పెట్టించే పీటీ సారు తన వరుసలో ఏ పిల్లకు ఆ జబ్బుందో తెలుసుకోవాలి కదా. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డు ఇంటి ట్రంకు పెట్టెలో ఉంటే లాభం లేదు. దాని నకలు పీటీ సారు దగ్గర, వార్డెన్ దగ్గర ఉండాలి. ఆ పిల్లను ఆటకు దూరం పెట్టమనడం లేదు. నీళ్లు తాగించండి, స్వెటర్ వేయించండి, ఆయాసమంటే ఆపండి.

పూర్ణను ఎవరెస్టుకు పంపే ముందు డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో నెలల తరబడి శిక్షణ ఇచ్చారు. గాలి పలచబడే ఎత్తులో ఏం జరగవచ్చో ముందే ఊహించి ఏర్పాట్లు చేసుకున్నారు. అంత ముందుచూపున్న వ్యవస్థ మెట్‌పల్లిలో ఒక నేల గదికి రాత్రి ఏర్పాట్లు చేయలేదంటే నమ్మబుద్ధి కాదు.

గురుకులమంటే మన ప్రాంతానికి ఉత్త బడి కాదు. వంగర బిడ్డ పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్‌లో మొదటిది తెరుచుకుంది. అప్పటినుంచి కూలి చేసుకునే ఇంటికి డాక్టరో ఇంజినీరో వచ్చే దారి అదే. ఆ దారి పోతుందేమోనని తల్లిదండ్రులు నోరు విప్పరు. సీటు పోతుందని, టీసీ ఇచ్చి పంపుతారని భయం. ఆ భయాన్ని వాడుకునే ప్రిన్సిపాల్ ఎక్కడున్నా అతన్ని జిల్లా అధికారులు ఆ కుర్చీలో ఉంచకూడదు.

చేయాల్సినవి పెద్ద ఖర్చు పనులు కావు. మంచాలు కొనండి. కొనేదాకా చాప కిందికి గట్టిగా దోపిన దోమతెర వేయండి, అది దోమనూ ఆపుతుంది, పామునూ ఆపుతుంది. మిగిలిన అన్నం వంటగది వెనక కుప్ప పోయకండి. అన్నం కోసం ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లతో చుట్టూ వరి పండే ఊళ్లలో గడ్డి కోయించడం నాట్ల కంటే ముందే అయిపోవాలి. మరుగుదొడ్డి దారిలో లైటు వెలగాలి. తిండి సంగతికొస్తే, 2024 చివర్లో మెస్ చార్జీలు పెంచి మూడు నుంచి ఏడో తరగతి వాళ్లకు నెలకు 1,330 రూపాయలు చేశారు. రోజుకు నలభై నాలుగు. ఆ డబ్బుతో ఏం వండుతున్నారో పిల్లలకంటే ముందు డ్యూటీ టీచరు తినాలి.

కాటు పడిందని తెలిసినా, అనుమానమే అయినా కోయకండి, పీల్చకండి, తాడు బిగించకండి. పసరు మందుకు, మంత్రానికి పోకండి. నడిపించకండి. కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి. అది రావడం ఆలస్యమయ్యేటట్టుంటే దొరికిన బండి ఎక్కించండి. పామును వెతికి చంపే పనిలో పడితే ఆ అరగంట బిడ్డదే పోతుంది.

కొత్త సమీకృత గురుకులాలు ఒక్కోటి ఇరవై, ఇరవై అయిదు ఎకరాల్లో కడతామంటున్నారు. కట్టనివ్వండి. కానీ 2024 అక్టోబరులో అద్దె అందలేదని యజమానులు తాళాలేసినటువంటి అద్దె భవనాల్లోనే చాలా బడులు నడుస్తున్నాయి. ఈ రాత్రి పడుకోవాల్సింది వాటిలోనే.

ఈ ఆదివారం బిడ్డను చూడ్డానికి పోయే తల్లిదండ్రులు పండ్లతోపాటు ఒక ప్రశ్న కూడా తీసుకుపోండి. "రాత్రి ఒంటిగంటకు మా బిడ్డ కడుపు నొస్తున్నదంటే ఎవరు లేస్తరు, ఏ బండిల, ఏ దవాఖానకు తీసుకపోతరు?" మనిషి పేరు, డ్రైవరు నంబరు, దవాఖాన పేరు చెప్పాలి. "చూసుకుంటం లెండి" అంటే అది జవాబు కాదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, ఆ మాటే దరఖాస్తులో రాసి ఇవ్వండి. ఒక్కరే పోకండి, ఆ గదిలో పడుకునే పిల్లల తల్లిదండ్రులంతా కలిసి పొండి.