మూసిన బావులు తెరవాలంటే

నీరు బాగా లేదంటే కాచి వడపోసుకోవడమే మనకు మొదట తోచే ఉపాయం. క్రిములున్న నీటికి అది చాలు. ఫ్లోరైడు, నైట్రేటు వంటివి కరిగిన నీటిని ఎంత కాచినా ఫలితముండదు. ఆవిరైపోయేది నీరే; రసాయనం గిన్నెలో మిగిలి మరింత చిక్కబడుతుంది. మరి ఒక నగరానికంతటికీ నీరందించే బావులలోనే రసాయనం చేరితే? అమెరికా పశ్చిమ తీరాన, లాస్ ఏంజిలిస్ పక్కనున్న శాంటా మోనికా నగరం ఈ కష్టాన్ని అనుభవించింది.

సుమారు 90 వేల జనాభా గల ఆ నగరపు నీటిలో దాదాపు సగం చార్నాక్ అనే చోటనున్న గొట్టపు బావుల నుంచి వచ్చేది. 1995లో ఆ నీటిలో ఎంటీబీఈ అనే రసాయనం బయటపడింది. పెట్రోలు శుభ్రంగా మండి పొగ తగ్గాలని అందులో కలిపే ద్రవమిది. గాలికి మేలు చేయబోయి నీటికి కీడు తెచ్చిపెట్టారు! బంకుల వద్ద భూమిలో పాతిన ట్యాంకులు, గొట్టాలు కారి, అది మట్టి పొరలను దాటి భూగర్భ జలాన్ని చేరింది. 1996లో బావులను మూసివేశారు. నాటి నుంచి నగరం దూర ప్రాంతాల నీటిని కొనుక్కోవలసి వచ్చింది.

అక్కడి రాష్ట్ర ప్రభుత్వం రుచి, వాసనల దృష్ట్యా తరువాత విధించిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. అంటే మన డాబా మీది 1000 లీటర్ల ట్యాంకులో 5 మిల్లీగ్రాములు. ఒక చుక్కలో చిన్న భాగం. చార్నాక్‌లో అది లీటరుకు 600 మైక్రోగ్రాములు దాటింది. ఇంత స్వల్ప మోతాదులోనూ దానికి ఘాటైన వాసన ఉండడం ఒక విధంగా అదృష్టమే. ఆర్సెనిక్‌కు ఆ వాసన కూడా ఉండదు.

శుద్ధి చేసే యంత్రం కొనుక్కుంటే సరిపోయేది కదా అనిపించవచ్చు. ఎంటీబీఈ నీటిలో సులభంగా కరుగుతుంది, మట్టికి అంటుకోదు, త్వరగా క్షీణించదు. నీటిలోకి గాలిని పంపి రసాయనాన్ని తరిమే పద్ధతి ఒకటుంది. కానీ ఇది నీటిని అంత తేలికగా వదలదు. యాక్టివేటెడ్ కార్బన్ అనే ప్రత్యేకమైన బొగ్గు రేణువుల గుండా నీటిని పంపడం మరొక మార్గం. దీనికి బొగ్గు మీద కూడా పట్టు తక్కువే కనుక ఆ బొగ్గును తరచుగా మార్చాలి. అందుకే ఇటువంటి చోట్ల రెండు తొట్లను ఒకదాని వెనుక ఒకటి అమర్చుతారు. రెండింటి నడుమ నీటిని పరీక్షిస్తూ ఉంటారు. అక్కడ రసాయనం కనిపించిందంటే మొదటి తొట్టిలోని బొగ్గు నిండిపోయినట్లు. అప్పుడు రెండవ తొట్టిని ముందుకు తెచ్చి, కొత్త బొగ్గు నింపినదాన్ని దాని వెనుక ఉంచుతారు. శుద్ధి ప్రణాళికలో అసలు ప్రాణం ఆ నడిమి పరీక్షలోనే ఉందని నా అభిప్రాయం.

అంతకంటే ముందు తేలవలసినవి వేరే ఉన్నాయి. కారుతున్నది ఎవరి ట్యాంకు? కారడం ఆగిందా? ఆగకపోతే బావి తోడిన కొద్దీ విషం బావి వైపే నడిచి వస్తుంది. దశాబ్దాల తరబడి సాగే శుద్ధికి ఖర్చు ఎవరు భరించాలి? నగరం చమురు కంపెనీల మీద కోర్టుకెక్కింది. ప్రధాన కంపెనీలతో 2003లో ఒప్పందం కుదిరింది. శుద్ధి కేంద్రం కట్టి, బొగ్గు తొట్ల గుండా చార్నాక్ నీటిని మళ్లీ ఊరికి పంపేసరికి 2010 చివరి రోజులు వచ్చాయి. మూతపడిన నాటి నుంచి 14 ఏళ్లు!

మన నల్లగొండ పేరు మీద కూడా ఒక శుద్ధి పద్ధతి ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే ఆ విధానాన్ని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ఏ బావిలో ఎంత ఫ్లోరైడు ఉందో తెలిస్తే గాని ఎంత పటిక వేయాలో తేలదు. అడుగున దిగిన బురదను ఎక్కడ పారబోయాలన్నది కూడా ముందే ఆలోచించుకోవాలి.

ఈ సంగతులన్నీ భోజనాల వేళ ఇంట్లో చెబుతుంటే మా అమ్మాయి వంటగది గోడ వైపు చూపించి, "అబ్బాజాన్, మన ఫిల్టరులో కూడా బొగ్గు ఉంటుందన్నారు కదా, అది ఎప్పుడు మార్చారు?" అని అడిగింది. బిల్లు వెతికి చూశాను. రెండేళ్ల కిందటిది.